పెంకు మీద సంవత్సరం

మా అత్తవారిల్లు 1865లో కట్టిందని మా చుట్టాలందరికీ తెలుసు. నేను కొత్త కోడలిగా ఆ ఇంట్లో కాలు పెట్టిన నాలుగో రోజున మామగారు నన్ను వరండాలోకి పిలిచి, టార్చిలైటు పైకి వేసి ఒక పెంకు చూపించారు. పెంకు అడుగున ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన కొట్టొచ్చినట్టు 1865. "చూసినవా అమ్మా! సిపాయిల తిరుగుబాటు కంటె ఎనిమిదేండ్లే చిన్నది మన ఇల్లు" అన్నారు. చరిత్రలో ఎమ్మే చదివిన పిల్ల కోడలిగా వచ్చిందని ఆయనకి మహా సంబరం. ఆ సంబరం చూశాక నాకు నోరు పెగల్లేదు. కొత్త కోడళ్ళు కాదనే రోజులా అవి!

ఇల్లు హైదరాబాదులో బర్కత్‌పురాలో ఉంది. ఇప్పుడంటే ఊరి నడిబొడ్డు అనిపిస్తుంది గాని, కట్టినప్పుడది శివారే. ముందు పెంకుల వరండా, వరండాకి చెక్క జాలీ, లోపల నాలుగు పెద్ద గదులు (మా అత్తమ్మ అర్రలంటుంది), వెనక సామాన్ల కొట్టు, దానికి ఆనుకుని వంటిల్లు, పెరడు, పెరటి గోడకి ఒక చిన్న ఇనప తలుపు. ఆ తలుపు అవతల ఒక గల్లీ. ముప్పై ఏళ్ళ పైన ఆ ఇంట్లో కాపరం చేశాను గాని, ఆ ఇనప తలుపు ఎందుకుందో ఒక్కనాడూ అడగలేదు. పైగా బళ్ళో పిల్లలకి మొహెంజొదారో కాలవల గురించి మాత్రం బల్ల గుద్ది చెప్పేదాన్ని!

మొన్న వేసవిలో మా మరిది ఇల్లు బాగు చేయిద్దామన్నాడు. బాగు చేయించడమంటే ఈ రోజుల్లో అర్థం మీకు తెలుసుగా, సగం పడగొట్టడం. వరండా తీసేస్తే కారు పెట్టుకోవచ్చు. గోడలకి సిమెంటు పూత, నేలకి తళతళలాడే టైల్సు. మా వారు ససేమిరా అన్నారు. "1865 నాటి ఇల్లురా ఇది!" అని అరిచారు. అన్నదమ్ములిద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు మరిది నా దగ్గరికొచ్చి, "వదినా, నువ్వు హిస్టరీ టీచరువి. ఏది ఉంచాలె, ఏది తీయాలె ఒక కాయితం మీద రాసియ్యి. నువ్వు రాసిందాకా మేస్త్రీ పార పట్టడు" అన్నాడు. అలా నా నెత్తిన పడింది.

పాత ఇంటికి విలువ కట్టడం ఎలా? మా వారి లెక్క ప్రకారం వయసే విలువ. మరిది లెక్కలో గజం ధరే విలువ. నేను నాలుగు పుస్తకాలు తిరగేశాను. 1979లో ఆస్ట్రేలియాలో బర్రా అనే పాత రాగి గనుల ఊళ్ళో కట్టడాల సంరక్షకులంతా కూడి ఒక పత్రం రాసుకున్నారు. ఆ ఊరి పేరు మీదే దాన్ని బర్రా చార్టర్ అంటారు. అందులోని సంగతి మన ఇళ్ళకీ సరిగ్గా అతుకుతుంది. ముందు అర్థం చేసుకో, ఆ తరవాతే సుత్తి పట్టుకో అంటుంది. విలువ అంటే వయసొక్కటే కాదు. అందం ఒకటి, చరిత్ర ఒకటి, దాన్ని చూసి నేర్చుకోదగ్గ పనితనం ఒకటి, జనానికి దానితో ఉన్న అనుబంధం ఒకటి. ఏది ఎక్కడుందో చూడకుండా ఇల్లంతా ఒకే గాటన కట్టకూడదన్నమాట.

ప్రభుత్వం వారి జాబితాలూ ఉన్నాయి. హైదరాబాదులో 1995లో కాపాడవలసిన కట్టడాలకి ఒక జాబితా, నిబంధనలూ వచ్చాయి. 2015లో ఆ నిబంధనలు ఎత్తేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ భవనం కూల్చి అసెంబ్లీ కడదామనుకుంటే హైకోర్టు అడ్డుకుంది. అవన్నీ నవాబుల భవనాల సంగతులు. మా ఇల్లు ఏ జాబితాలోనూ లేదు. గుమాస్తా కట్టుకున్న ఇల్లు ఏ జాబితాలోకి ఎక్కుతుంది గనక!

సరే, ముందు వయసు తేలుద్దామని వరండా పెంకుల కింద నిచ్చెన వేయించాను. ఒక్క పెంకు కాదు, దొరికిన ప్రతి పెంకూ చూశాను. అక్కడే మొదటి చిక్కు వచ్చింది. కొన్నిటి మీద బాసెల్ మిషన్, 1865 అని ఉంది. మరి కొన్నిటి మీద అల్బుకర్క్ అండ్ సన్స్, 1868 అని ఉంది. అత్తమ్మ కింద కుర్చీలో కూచుని తమలపాకులకి సున్నం రాసుకుంటూ వింటోంది. "మధ్యల పైసలు చాలక మూడేండ్లు ఆగిండ్రేమో బిడ్డా" అంది. ఎనభై అయిదు దాటాయి ఆవిడకి. సమాధానం మాత్రం ఎప్పుడూ సిద్ధం.

అసలు సంగతి ఇది. స్విట్జర్లాండులో బాసెల్ అనే ఊరి నుంచి బయల్దేరిన మిషనరీలు 1834లో మంగుళూరు చేరారు. వాళ్ళ మతంలో కలిసినవాళ్ళకి కులవృత్తులు పోయి కూడు కరువైంది. వాళ్ళకి పని చూపించాలని నేత మొదలుపెట్టారు, అచ్చుపని మొదలుపెట్టారు. నేత్రావతి ఏటి ఒడ్డు బంకమట్టి చూసి ప్లెబ్స్ట్ అనే ఆయన 1865లో అక్కడే జెప్పులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాడు. ఒకదానిలో ఒకటి పట్టుకుని కూచునే ఆ పెంకు నమూనా ఫ్రాన్సుది. గాలివానకి లేవదు, కోతి దూకినా జారదు. మూడేళ్ళ తరవాత 1868లో అల్బుకర్క్ వాళ్ళూ మొదలుపెట్టారు. ఆ తరవాత దేశమంతా మంగుళూరు పెంకే. పెంకు మీద వేసే సంవత్సరం ఫ్యాక్టరీ పుట్టిన సంవత్సరం. ఆ పెంకు పుట్టినది కాదు. మిఠాయి డబ్బా మీద "స్థాపితం" అని వేసుకుంటారే, అలాగ. ఆ డబ్బాలో లడ్డూ ఎన్నటిదో ఆ అంకె చూసి చెప్పగలమా?

పాపం, మామగారు పోయి పదేళ్ళయింది. ఆయన ఉండగా ఈ సంగతి తేలనందుకు నాకిప్పటికీ తృప్తిగానే ఉంది.

అయితే బాసెల్ మిషన్ ముద్రకి ఒక ఉపయోగం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆ మిషనరీల్లో చాలామంది జర్మన్లని ఇంగ్లీషు ప్రభుత్వం నిర్బంధించి, ఆస్తులు స్వాధీనం చేసుకుంది. 1919 ప్రాంతాల ఆ ఫ్యాక్టరీలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వెళ్ళాయి. పెంకుల మీద పేరూ మారింది. కనక మా పెంకులు ఆ మార్పుకి ముందువి. అంటే ఇల్లు 1919కి ముందుదేనా? నేనూ అలాగే అనుకుని కాయితం మీద రాసేశాను. తొందరపడ్డాను.

సామాన్ల కొట్టు కప్పు ఇనప దూలాల మధ్య ఇటికలతో చిన్న చిన్న కమానులు తిప్పి కట్టింది. మేస్త్రీలు జాక్ ఆర్చి అంటారు. దూలానికి ఏడు పొరల రంగుంది. మెల్లిగా గీకిస్తే కింద నుంచి ఇంగ్లీషులో టాటా అన్న అక్షరాలు బయటపడ్డాయి. జంషెడ్‌పూర్ కొలిమిలో మొదటి ఉక్కు తయారైంది 1912లో. కాబట్టి ఆ దూలం అంతకంటె ముందుది కావడానికి వీల్లేదు. "కొట్టు తరవాత కలిపి ఉండొచ్చు గదా" అన్నారు మా వారు, 1865ని అంత తేలిగ్గా వదలబుద్ధి కాక. మంచి ప్రశ్నే. దానికి జవాబు గోడల మూలలో ఉంటుంది. తరవాత కలిపిన గోడ పాత గోడకి ఆనుకుని ఉంటుంది, రెండిటి మధ్యా నిట్టనిలువు గీత కనిపిస్తుంది. ఒకేసారి కట్టినవైతే ఇటికలు వేళ్ళలో వేళ్ళు పెట్టుకున్నట్టు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. మూల దగ్గర జానెడు మేర పూత తీయించి చూశాం. ఇటికలు వేళ్ళు కలుపుకునే ఉన్నాయి. కొట్టూ పెద్ద గదులూ ఒకేసారి కట్టినవే. ఇల్లంతా 1912 తరవాతదే.

మా వారు ఆ పూట భోజనానికి రాలేదు.

మర్నాడు అత్తమ్మ తన ట్రంకుపెట్టె తీయించి, అడుగున ఎర్రగుడ్డలో చుట్టిన ఒక పొడుగాటి లెక్కల పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. మా వారి తాతగారు మాల్ కచేరీలో గుమాస్తా. ఇల్లు కట్టిన లెక్కలన్నీ తెలుగులోనే రాసుకున్నారు, మధ్యలో ఉర్దూ మాటలతో. మొదటి పేజీలో "1337, ఆజుర్, పునాది" అని ఉంది. మా వారి ముఖం వెలిగింది. 1337 హిజ్రీ అంటే 1918, 1919. నా కాయితంతో సరిపోయిందన్నారు. కాని ఆజుర్ హిజ్రీ నెల కాదే! అది ఫసలీ లెక్క. నైజాం సర్కారు శిస్తులన్నీ ఫసలీలోనే. పంటలు సూర్యుణ్ణి బట్టి పండుతాయి, చంద్రుణ్ణి బట్టి కాదు. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు పొట్టి, ఏటేటా ముందుకు జరిగిపోతుంది. అందుకని శిస్తుకి వేరే సంవత్సరం పెట్టుకున్నారు. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. ఆజుర్‌తో సంవత్సరం మొదలు, అంటే అక్టోబరు. కనక మా ఇంటి పునాది 1927 అక్టోబరు. ఒక్క నెల పేరుతో తొమ్మిదేళ్ళ తేడా వచ్చింది.

మరి 1919కి ముందువైన పెంకులు 1928లో కట్టిన వరండా మీదికి ఎలా ఎక్కాయి? అదీ ఆ పుస్తకంలోనే దొరికింది. కూలీ, సున్నం, ఇటికలు, కలప అన్నిటికీ హాలీ సిక్కాలో లెక్క రాసిన పెద్దమనిషి ఒక్క పద్దు మాత్రం కల్దారులో రాసుకున్నాడు: "పాత పెంకలు, సికింద్రాబాదు బంగళా విప్పినవి." హాలీ సిక్కా నిజాం రూపాయి, చార్మినారు బొమ్మ ఉండేది. కల్దారు ఇంగ్లీషు రూపాయి. ఏడు హాలీలు ఇస్తే సుమారు ఆరు కల్దారులు వచ్చేవి. సికింద్రాబాదు అప్పటికి ఇంగ్లీషువారి చేతిలో ఉంది గనక అక్కడి బేరం కల్దారులో జరిగింది. ఏ దొర బంగళానో పడగొడుతుంటే ఈయన పెంకులు బేరమాడి బండిమీద తెచ్చుకున్నాడన్నమాట. మా ఇంటి కిరీటం సెకండ్ హ్యాండ్! ఇది వినగానే అత్తమ్మ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మా మామ పైస విడిచేటోడు కాదు, నాకు తెల్వదా!" అంది.

ఇక 1927లో ఆ గుమాస్తా శివార్లలో ఇల్లెందుకు కట్టాడు? 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదు పెద్దలు తరతరాలుగా చెప్పుకున్న కథ. నది ఒడ్డు పేటలు పేటలే కొట్టుకుపోయాయి, వేలమంది పోయారు. మర్నాటి ఏడు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహాతోనే ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి ఇరుకు పేటలు విప్పి వెడల్పు రోడ్లు వేశారు. ఇంకోపక్క ప్లేగు. బెంగుళూరులో 1898 ప్లేగు తరవాతే బసవనగుడి, మల్లేశ్వరం వెలిశాయి. గాలి, వెలుతురు, ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం అనే మాటలు అప్పుడే మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చాయి. 1916లో కాచిగూడ స్టేషను వచ్చింది. ఉద్యోగస్తులు, వకీళ్ళు మూసీకి ఉత్తరాన చోటు కొనుక్కోవడం మొదలెట్టారు. ఒక నదికి భయపడి, ఒక జబ్బుకి భయపడి మనుషులు కట్టుకున్న ఇళ్ళివి. ఎత్తు అరుగులూ పెద్ద కిటికీలూ చూసి ఎంత దర్జాగా బతికారో అనుకుంటాం, అందులో సగం భయమే.

పనితనం సంగతికొస్తే, గోడలన్నీ డంగు సున్నం. సున్నం, ఇసుక గానుగలో పోసి, ఎద్దుని కట్టి రాతి చక్రంతో తిప్పించేవారు. బెల్లపు నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవారు. నేల షాబాద్ బండలు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి రైలు పడింది గనక ఆ దిక్కు రాయి ఇంత దూరం రాగలిగింది. గదుల పైకప్పు మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద ఇటికలు నిలువుగా, ఏటవాలుగా పేర్చి, ఆపైన ఇటిక ముక్కలూ సున్నమూ కలిపి కొట్టిన మందం. ఎండాకాలం ఫ్యాను లేకపోయినా పడుకోవచ్చన్న మాట అతిశయోక్తి కాదు, నేను పడుకున్నాను గనక చెబుతున్నాను.

గోడల్ని వేలి కణుపులతో తట్టుకుంటూ తిరిగాను. అంటుకున్న పూత గట్టిగా పలుకుతుంది, వదిలిన పూత డొల్లగా పలుకుతుంది. "ఏందమ్మా, గోడకు చెవి వెట్టి ఏం వింటున్నవు?" అంది అత్తమ్మ. ఎక్కువ డొల్ల ఎక్కడో తెలుసా? కిందటిసారి మేమే బాగు చేయించిన చోట! చెమ్మ వస్తోందని అప్పుడు గోడల కింది భాగానికి నడుమెత్తున సిమెంటు పూయించాం. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది. నేలలోంచి ఎక్కిన తడి దాని గుండా ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే తడికి దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు పేరుకుంటుంది, పూత పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది. మా గోడల మీద చెమ్మ గీత సరిగ్గా సిమెంటు ఆగినచోట మొదలై ఇంకో రెండడుగులు పైకి పోయింది. ఇళ్ళు బాగు చేయించేవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, నేను చదివిన నాలుగు పుస్తకాలూ వృథా కానట్టే.

వంటిల్లు నాకెంత నచ్చిందో చెప్పలేను. నేలలో పాతిన రోలు, మూల మట్టిపొయ్యి గద్దె, పైన పొగ గూడు, మసికి నల్లగా నిగనిగలాడే వాసాలు. "ఇది తప్పకుండా ఉంచాలి, ఇందులో ఏదీ కదపకూడదు" అని కాయితం మీద రాసి, గొప్పగా అత్తమ్మకి చదివి వినిపించాను. ఆవిడ వింటూ వింటూ ఒక్కసారి ముఖం గంటు పెట్టుకుంది.

"ఆ పొగల ఇరవై ఏండ్లు ఏడ్చిన బిడ్డా. నిండు నెలల కడుపుతోటి ఆ రోలు ముందల కూసున్న. గ్యాసు పొయ్యి వచ్చిన్నాడు దేవునికి దీపం వెట్టిన. నీకు అది బొమ్మలెక్క కనవడుతున్నది. మొదలు అదే కూలగొట్టుండ్రి."

నాకు తల కొట్టేసినట్టయింది. పట్నంలో చదువుకుని, గ్యాసు మీదే వంట నేర్చుకున్నదాన్ని. ఆ మసి నాకు అందంగా కనిపించిందంటే నా ఊపిరితిత్తుల్లోకి పోలేదు కనకే. వంటింటికి చరిత్ర లేదనను. కాని దానితో అనుబంధం ఉన్న మనిషి బతికి ఉండి, ఎదురుగా కూచుని వద్దంటుంటే, ఆవిడని కాదని ఎవరి కోసం ఉంచడం? ఫొటోలు తీయించి, కొలతలు రాసి, ఆ పేజీలో "తీసేయవచ్చు" అని దిద్దాను. రోలు మాత్రం పెరట్లో ఉంచమంది ఆవిడే, పిచికలకి నీళ్ళు పోయడానికట.

మరి ఏది ఉంచాలంటావమ్మా అంటే, వరండా జాలీ చూపించింది. నిజం చెప్పొద్దూ, నేను ఆ జాలీకి పెద్ద మార్కులేమీ వేయలేదు. అయిదారు చోట్ల పుల్లలు విరిగిపోయి, ఎప్పటెప్పటి రంగులో మందంగా పేరుకుపోయి ఉంది. బ్లేడుతో చిన్న గడి గీకితే అట్టడుగున చిలకపచ్చ. అప్పుడు ఆవిడ చెప్పిన సంగతి ఇది.

మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో ఆడపిల్లలకి తెలుగు బడి పెట్టింది 1928లో. మా ఇల్లు పూర్తయిన ఏడే. రాజ్యంలో చదువంతా ఉర్దూలో నడిచే కాలం. తెలుగులో చెప్పే హైస్కూలుకి ఇక్కడి విశ్వవిద్యాలయం గుర్తింపు లేక, పూనాలో కర్వేగారి మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిపారు. మా అత్తమ్మ ఆ బళ్ళో చదివింది. 1957లో పెళ్ళయి ఈ ఇంటికొచ్చింది. కొత్త కోడలు జాలీ దాటి అవతలికి పోగూడదని ఇంటి కట్టు. రోజూ పొద్దున బడివేళకి ఆ జాలీ వెనక నిలబడి, రోడ్డు మీద పోయే ఆడపిల్లల్ని చూసేదట. "వాండ్ల జడలకు రిబ్బన్లుండె. నేను ఒక్కొక్క పిల్లను లెక్కవెట్టేదాన్ని. ఒకనాడు ఒక పుల్ల ఇరగ్గొట్టిన, మంచిగ కనవడాలని" అంది. ఎక్కడమ్మా అంటే లేచి వచ్చి, తడుముకోకుండా వేలు పెట్టి చూపించింది. సరిగ్గా ఆవిడ కళ్ళెత్తున. నేను ఆ విరిగిన పుల్లలన్నీ "శిథిలం, మార్చవలెను" అని రాసుకున్నాను. వెళ్ళి కొట్టేశాను.

వరండా ఉండవలసిందేనని తేలింది. మరిది మంచివాడు, ఒప్పుకున్నాడు. "మరి కారు? ఎనకకెంచి తెస్త. ఆ గల్లీ ఇప్పుడు వెడల్పయింది. ఆ ఇనప తలుపు కొట్టేసి గేటు పెడితే సరి. దానికేం హెరిటేజు లేదు గదా వదినా" అన్నాడు. నేనూ సరేనని రాయబోయాను. కనీసం ఆ తలుపు ఎందుకో అడుగుదామని అత్తమ్మ వైపు చూస్తే, ఆవిడ తలవంచుకుని కూచుంది.

కాసేపటికి చెప్పింది. ఆ తలుపు పాయఖానా మనిషి వచ్చే తలుపు. ఆ కాలపు కొత్త పేటల్లో ఇళ్ళ వెనక సందులు వేసేవారు, గాలి కోసమూ, దీని కోసమూ. ముందు గుమ్మం మనది, వెనక సందు వాళ్ళది. పొద్దు పొడవక ముందే వచ్చి, తట్ట నింపుకుని, ఎవరి కంటా పడకుండా పోవాలి. మన ఇళ్ళ గాలీ వెలుతురూ ఆ తలుపు మీద ఆధారపడి ఉండేవి. అత్తమ్మ వచ్చిన ఏడెనిమిదేళ్ళకి డ్రైనేజీ కలిపారు. మనిషి చేత ఆ పని చేయించడం నేరమని చట్టం వచ్చింది 1993లో, మళ్ళీ గట్టిగా 2013లో. మా లెక్కల పుస్తకంలో మేస్త్రీ పేరుంది, వడ్రంగి పేరుంది, సున్నం బండివాడి పేరుంది. ఆ తలుపు గుండా దాదాపు నలభై ఏళ్ళు వచ్చిన మనుషుల పేరు ఒక్కటీ లేదు.

"నేను పైకెంచి నీళ్ళు పోసేదాన్ని. కింద పెట్టిన రొట్టె తీసుకపొయ్యేది. పేరేందో మేమెవ్వరం అడగలే" అంది అత్తమ్మ.

మరిది ఏమీ అనలేదు. మర్నాడు మేస్త్రీని పిలిచి, కారు గేటు గోడకి అవతలి కొసన పెట్టమన్నాడు. అక్కడున్న జామచెట్టు పోయింది, దానికి నాకు బాధే. సిమెంటు పూత కొట్టించి సున్నం పూయించడానికి అనుకున్నదానికంటె ఎక్కువే ఖర్చయింది. సున్నం పని తెలిసిన మనిషిని వెతకడానికే ఇరవై రోజులు పట్టింది. వంటిల్లు పడగొట్టిన రోజు అత్తమ్మ కుర్చీ వేయించుకుని మరీ చూసింది. 1865 పెంకు ఒకటి మా వారు తీసి, తుడిచి, తన బల్ల మీద పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళకి ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కథ చెబుతున్నారు, అదే దర్జాతో.

కాయితం పూర్తి చేయడానికి నేను మళ్ళీ పెరట్లో కూచున్నాను. "వెనక తలుపు. 1928. ఇనప రేకు. రెండడుగుల వెడల్పు. ఉంచవలెను. వాడినవారి పేర్లు" అని రాసి, ఎదురుగా గీత గీసి ఖాళీ వదిలాను. అత్తమ్మ ఏం రాశావని అడిగితే చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఆ తలుపు వైపే చూసింది.

"ఒకామెకు ముక్కుకు వెండి ముక్కుపుల్ల ఉండె" అంది. "అది రాయి."